బెదిరిన చిలుక ఇంటికి వస్తే: మొదటి రోజు నుంచి చేతి మీదికి ఎక్కేదాకా

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వంటి ఊళ్లలో పంజరం పక్షులు చేతులు మారే తీరు దాదాపు ఒకటే. పదో తరగతి దాకా పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటారు. తర్వాత ఇంటర్ కోసం హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్లిపోతారు. పంజరం బాల్కనీ మూలకు చేరుతుంది. గిన్నెలో పొద్దుతిరుగుడు గింజలు ఎప్పుడో ఒకసారి పడతాయి, నీళ్లు ఎండిపోయాక ఎవరో నింపుతారు. కొన్నేళ్ల తర్వాత ఆ ఇంటివాళ్లు తెలిసినవాళ్లతో "మీకు పక్షులంటే ప్రాణం కదా, తీసుకుపోండి" అంటారు.

అట్ల వచ్చిన పక్షి మన ప్రేమను వెంటనే గుర్తుపట్టదు. అది ఎంత వెనక్కి జరిగినా చేయి లోపలికి వచ్చి పట్టుకున్న రోజులే దానికి గుర్తుంటాయి. తాను వద్దంటే ఈ ఇంట్లో మనుషులు ఆగుతారని దానికి తెలిసినప్పటి నుంచే బెదురు తగ్గుతుంది. తిండి, నీడ, వైద్యం అన్నీ ముఖ్యమే. వాటిలో ఏది చేసినా ఈ ఒక్క మాట మరవకుండా చేయాలి.

తెచ్చుకునే ముందు: ఏ పక్షి, ఎవరి దగ్గర నుంచి

ముందు చట్టం సంగతి. మన చెట్ల మీద తిరిగే రామచిలుక, భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుక, తల ఎర్రగా ఉండే చిన్న చిలుక వన్యప్రాణులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని కొనడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. జోస్యం చెప్పేవాళ్ల పెట్టెలో చూసినా, సంతలో బుట్టలో చూసినా జాలిపడి డబ్బిచ్చి కొనకండి. ఆ డబ్బుతో మరో గూడు ఖాళీ అవుతుంది. అటవీ శాఖకు సమాచారం ఇవ్వండి. ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉంటే రెక్కలు కత్తిరించిన దాన్ని కిటికీలోంచి వదిలేయడం చంపడంతో సమానం. దానికి ఎగరడం రాదు, తిండి వెతుక్కోవడమూ రాదు. అదీ అటవీ శాఖకే అప్పగించాలి.

ఇంట్లో పెంచుకోగలిగినవి విదేశీ జాతులు: బడ్జీలు (మన దుకాణాల్లో వీటినే లవ్ బర్డ్స్ అంటారు), కాక్‌టీల్, అసలైన లవ్ బర్డ్, సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే. వీటిలో అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్న జాతులను 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. బడ్జీ, కాక్‌టీల్ ఆ జాబితాలో లేవు. ఆఫ్రికన్ గ్రే, సన్ కన్యూర్ ఉన్నాయి. కాబట్టి ఆ జాబితాలోని పక్షిని తీసుకునేటప్పుడు పాత యజమాని నమోదు కాగితాలు అడగండి, మీ పేరు మీదికి మార్పించుకోండి.

వయసు కూడా చూసుకోండి. బాగా చూసుకుంటే కాక్‌టీల్ 15 నుంచి 20 ఏళ్లు, ఆఫ్రికన్ గ్రే 40 ఏళ్లకు పైనే బతుకుతాయి. మరోసారి ఇల్లు మారాల్సి వస్తుందని ముందే అనిపిస్తే ఇప్పుడే వద్దనడం మేలు.

పాత ఇంటివాళ్లను నిలదీయకుండా కూర్చోబెట్టి అడగండి. ఏం తింటుంది? ఎవరు దగ్గరికొస్తే అరుస్తుంది? రాత్రి లైటు ఉండేదా? ఎప్పుడైనా పడిపోయిందా, కరిచిందా? దేన్ని చూస్తే బెదురుతుంది? మా దగ్గరికి వచ్చిన ఒక కాక్‌టీల్ చీపురు చూడగానే పంజరం చువ్వలకు కొట్టుకునేది. ఆ సంగతి ముందే తెలియడం వల్ల ఊడ్చేటప్పుడు తలుపు దగ్గరేసేవాళ్లం. పాత పంజరం ఎంత పాడైనా, పాత గింజల సంచి ఎంత నాసిదైనా వెంట తెచ్చుకోండి. మొదటి వారం రెండూ అవసరమవుతాయి.

పంజరం ఎక్కడ పెట్టాలి

హాల్లో ఒక మూల, రెండు వైపులా గోడ, మన ఛాతీ ఎత్తు. వెనుక గోడ ఉంటే అన్ని వైపులా కాపలా కాయాల్సిన పని పక్షికి ఉండదు. మనుషులు కనబడాలి, కానీ అందరూ దాని పక్క నుంచే నడవకూడదు. టీవీ పక్కన వద్దు. ఒంటరిగా వరండాలో, డాబా మీద అసలే వద్దు. మన దగ్గర కోతుల బెడద తెలిసిందే, పిల్లులు, పాములు కూడా ఉంటాయి.

వంటింటికి వీలైనంత దూరంగా ఉంచండి. పక్షుల ఊపిరితిత్తులు గాలిని మనకన్నా ఎంతో ఎక్కువగా పీల్చుకుంటాయి, విషమూ అంతే వేగంగా ఎక్కుతుంది. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మరిచిపోయి బాగా వేడెక్కితే దాని పూత నుంచి వచ్చే పొగ నిమిషాల్లో పక్షిని చంపుతుంది. పక్షి ఉన్న ఇంట్లో ఇనుప పెనం, స్టీలు గిన్నెలే వాడుకోవడం మంచిది. మిరపకాయల పోపు ఘాటు, అగరుబత్తీలు, సాంబ్రాణి, దోమల చక్రాలు, రూమ్ స్ప్రేలు ఆ గదిలో వద్దు. దోమలకైతే పంజరం మీద దోమతెర కప్పండి.

కొత్త పంజరం ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువగా ఉండాలి, పక్షులు పైకి కాకుండా అడ్డంగా ఎగురుతాయి. బడ్జీల జంటకు 30 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతుకు తగ్గకూడదు. చిన్న పక్షులకు చువ్వల మధ్య అర అంగుళం మించితే తల ఇరుక్కుంటుంది. జింకు పూత పూసిన చవక జాలీ పంజరాలను పక్షి కొరికితే జింకు విషం ఎక్కుతుంది, స్టీలు గానీ పౌడర్ కోటింగ్ గానీ చూసి కొనండి.

దుకాణంలో ఇచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్ర తీసేయండి. రోజంతా ఒకే మందం కర్ర మీద నిలబడితే అరికాళ్లకు పుండ్లు పడతాయి. జామ, వేప, మునగ కొమ్మలు రకరకాల మందాల్లో కోసి, కడిగి, ఎండబెట్టి కట్టండి. పురుగుమందు కొట్టిన తోటలోవి వద్దు. గన్నేరు కొమ్మ పొరపాటున కూడా వాడకండి, అది విషం. రెక్కలు కత్తిరించిన పక్షి అయితే కొమ్మలన్నీ కిందికే కట్టి, అడుగున మెత్తగా బొంత ముక్క పరవండి. అది దూకుతుంది, ఎగరలేక పడుతుంది. కొత్త ఈకలు రావాలంటే పాతవి రాలాలి, అందుకు నెలలు పడుతుంది.

వచ్చిన రోజు

పొద్దున పూటే తెచ్చుకోండి, చీకటి పడేలోపు ఇల్లు చూసుకోవడానికి దానికి సమయం దొరుకుతుంది. దారిలో పంజరం మీద పలుచని గుడ్డ కప్పి గాలి ఆడేలా చూడండి. ఇంటికి రాగానే పాత పంజరంతోనే మూలన పెట్టి, నీళ్లు, పాత గింజలు పోసి, గుడ్డ సగం తీసి, అక్కడి నుంచి వెళ్లిపోండి. చుట్టాలను పిలవకండి. పేరు పెట్టి పిలవడం, ఈల వేయడం, ఫోటోలు తీయడం తర్వాతైనా చేసుకోవచ్చు.

మొదటి రోజు చాలా పక్షులు తినవు. మనం గదిలో లేనప్పుడు తింటున్నాయేమో గింజల పొట్టు చూసి తెలుసుకోవచ్చు. పొట్టును గింజలనుకుని గిన్నె నిండుగానే ఉందని మోసపోతుంటారు, ఊది చూడండి. చిన్న పక్షి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఆగవద్దు, డాక్టర్‌ను అడగాలి.

రాత్రి పూట పది పన్నెండు గంటల సేపు నిద్ర కావాలి. పూర్తి చీకటి చేస్తే కాక్‌టీళ్లు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి చువ్వలకు కొట్టుకుంటాయి. చిన్న బెడ్ లైటు వెలగనివ్వండి.

డాక్టర్, తూకం, రెట్ట

మొదటి వారంలోనే ఒకసారి డాక్టర్‌కు చూపించాలి. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, జగిత్యాల వైపు వాళ్లకు కోరుట్లలో ఉంది. పక్షులు చూసేవాళ్లు ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని వెళ్లండి. కోళ్ల వైద్యం వేరు, చిలుకల వైద్యం వేరు. స్థానికంగా దొరకకపోతే హైదరాబాద్ పోక తప్పదు. ఆ ప్రయాణం గురించి పక్షి బాగున్నప్పుడే ఆలోచించి పెట్టుకోవాలి.

నిర్లక్ష్యానికి గురైన పక్షుల్లో సాధారణంగా కనబడేవి ఇవి: బడ్జీల ముక్కు చుట్టూ, కాళ్ల మీద తెల్లటి పొలుసుల పుండు. అది చాలావరకు చర్మాన్ని తొలిచే పురుగు వల్ల వస్తుంది, డాక్టర్ ఇచ్చే మందుతో తగ్గిపోతుంది. దుకాణంవాళ్లు చెప్పే నూనెలు పూయకండి, ముక్కు రంధ్రాలు మూసుకుపోతాయి. ముక్కు వంకరగా పెరిగిపోతే ఇంట్లో కత్తెరతో కోయకూడదు, లోపల కాలేయం జబ్బు ఉండొచ్చు. ముక్కు రంధ్రాల్లో గట్టి పెచ్చు కడుతుంటే ఏళ్ల తరబడి ఒట్టి గింజలే తినడం వల్ల విటమిన్ ఎ లోపం ఉండవచ్చు.

గ్రాముల్లో చూపించే వంటింటి తూకం ఒకటి కొనండి. పక్షి జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనబడిన పక్షినే డేగ ఎత్తుకుపోతుంది, అందుకే అది దాని స్వభావం. ఈకలు ఉబ్బి మనకు కనబడేసరికి ఆలస్యమైపోతుంది. తూకం మాత్రం ముందే చెబుతుంది. బడ్జీ 30 నుంచి 40 గ్రాములు, కాక్‌టీల్ 80 నుంచి 100 గ్రాములు ఉంటాయి. వచ్చిన కొత్తలో పక్షిని పట్టి తూచే పని పెట్టుకోకండి. తూకం మీద చిన్న కర్ర అమర్చి గింజలు చల్లితే అదే ఎక్కే రోజు వస్తుంది. అప్పటిదాకా డాక్టర్ దగ్గర తూచిన లెక్క రాసుకోండి. తూకంలో పదో వంతు తగ్గితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అడుగున తెల్ల కాగితం పరిచి రోజూ చూడండి. మంచి రెట్టలో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చ చుట్ట, తెల్లటి భాగం, చుట్టూ కొంచెం నీరు. తెలుపు భాగం పసుపో పచ్చో అయితే, ఒకటి రెండు రోజులు అదే పనిగా నీళ్లుగానే వస్తుంటే చూపించండి. కాగితం తీసే ముందు తడపండి. ఎండిన రెట్ట దుమ్ములోంచి సిట్టకోసిస్ అనే జ్వరం మనుషులకు రావచ్చు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు వస్తే ఇంట్లో చిలుక ఉందని డాక్టర్‌కు చెప్పండి. ఇంట్లో ముందే వేరే పక్షులుంటే కొత్తదాన్ని కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచాలి. పాత పక్షులకు తిండి పెట్టాకే కొత్తదాని దగ్గరికి పోవాలి, చేతులు కడుక్కోవాలి.

దూరం: అసలు పని ఇక్కడే

చాలామంది పొరపాటు పడేది ఒకచోట. మనం దగ్గరికి పోతే పక్షి కదలకుండా కూర్చుంటుంది. "ఎంత బుద్ధిగా ఉందో చూడు" అంటారు. దగ్గరగా చూడండి: ఈకలు ఒంటికి అతుక్కుపోయి సన్నగా, నిటారుగా ఉంటుంది, కళ్లు పెద్దవవుతాయి, తోక కిందికి లాగుతుంది. అది భయంతో బిగుసుకుపోయిన పక్షి. పారిపోయే దారి లేక కదలడం మానేసింది. ఆ స్థితిలో వేలు పెట్టి నిమిరితే మనం నేర్పేది ఒక్కటే: ఈ ఇంట్లోనూ వద్దంటే ఆగరని.

నెమ్మదించిన పక్షి వేరేగా ఉంటుంది. ఒళ్లు విదిలించుకుంటుంది. ఒంటికాలి మీద నిలబడుతుంది. ఈకలు సర్దుకుంటుంది. నిద్రకు ముందు ముక్కు కరకరలాడిస్తుంది, ఆ చప్పుడు విన్న రోజు ఇంట్లో అందరికీ చెప్పుకోవాలనిపిస్తుంది. కాక్‌టీల్ తల మీది ఈకల కుచ్చు సగం వాల్చి ఉంటే హాయిగా ఉన్నట్టు, పూర్తిగా నిక్కబొడుచుకుంటే ఉలిక్కిపడినట్టు, తలకు అతికించి బుసకొడితే దూరం జరగమన్నట్టు. గ్రే చిలుక కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతుంటే ఉద్రేకంలో ఉంది, చేయి పెట్టే సమయం కాదు.

ఇప్పుడు పని. గదిలోకి వచ్చే ముందు ప్రతిసారీ ఒకే మాట అనండి, "వస్తున్నా బుజ్జీ" అంటే చాలు. పక్షి తింటూ తినడం ఆపని దూరం ఎంతో చూసుకోండి. అది గది అవతలి గుమ్మం కావచ్చు. అక్కడే కూర్చోండి, పక్కకు తిరిగి, దాని కంటికి కన్ను కలపకుండా. వేటాడే జంతువులే రెండు కళ్లతో సూటిగా చూస్తాయి. పేపర్ చదవండి, చిక్కుడుకాయలు తుంచండి, ఫోన్ మాట్లాడండి. రోజుకు రెండు మూడు సార్లు, కాసేపు. అది ఒళ్లు విదిలించి తినడం మొదలుపెడితే మర్నాడు ఒక అడుగు దగ్గరికి జరగండి. ఒళ్లు అవతలికి వంచిందా, ఒక అడుగు వెనక్కి రండి. వెంటనే రావాలి. అది వద్దన్నది, మనం విన్నాం. ఇది పదేపదే జరిగినప్పుడే దానికి ధైర్యం వస్తుంది.

పంజరం పక్క నుంచి పోయిన ప్రతిసారీ గిన్నెలో ఒక మంచి గింజ వేసి ఆగకుండా వెళ్లిపోండి. మనిషి వస్తే మంచి జరుగుతుంది, ఆ మనిషి ఏమీ అడగడు. కొన్నాళ్లకు మీరు రాగానే గిన్నె వైపే నడుస్తుంది.

మా ఇంట్లో ఈ పరీక్షలో ఎప్పుడూ ముందు గెలిచేది పెద్దవాళ్లే. అమ్మమ్మలు, తాతయ్యలు ఒకచోట కదలకుండా కూర్చుంటారు, నెమ్మదిగా మాట్లాడతారు, పక్షిని పట్టుకోవాలని తొందరపడరు. పిల్లలకు కూడా అదే నేర్పవచ్చు. పంజరం ఊపొద్దు, వేలు పెట్టొద్దు, పక్కన కూర్చుని పాఠం పైకి చదువుకోమనండి. వచ్చిన చుట్టాలు "మాట్లాడుతుందా?" అని అడుగుతూ పంజరం తడితే మొహమాటపడకుండా ఆపండి. ఇది ఎన్ని రోజుల పని అని అడిగితే సమాధానం పక్షిదే. కొన్నిటికి వారాలు, కొన్నిటికి ఏడాది.

తిండి మార్చడం

ఒట్టి పొద్దుతిరుగుడు గింజలు మనిషి మూడు పూటలా మిర్చి బజ్జీలు తిన్నట్టే. నూనె ఎక్కువ, విటమిన్ ఎ, కాల్షియం దాదాపు లేవు. కానీ మార్చే తొందరలో పాత తిండి ఒక్కసారి ఆపకండి. ఏళ్లుగా ఒకటే తిన్న పక్షి కొత్తదాన్ని తిండిగా గుర్తుపట్టదు, గిన్నె ముందు కూర్చునే ఆకలితో చచ్చిపోతుంది.

మొదట పొద్దుతిరుగుడు తగ్గిస్తూ కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఊదలు కలపండి. మన అంగడిలో అన్నీ దొరుకుతాయి, పాలిష్ పట్టనివి అడగండి. ఆ తర్వాత కూరగాయలు: తురిమిన క్యారెట్, గుమ్మడికాయ, ఉడికించిన చిలగడదుంప, ఎర్ర క్యాప్సికమ్, తోటకూర, మునగాకు, కొత్తిమీర, లేత మక్క కంకి, మొలకెత్తిన పెసలు. మొలకలు పుల్లటి వాసన వస్తే పారేయండి. పచ్చిమిర్చి, ఎండుమిర్చి నిశ్చింతగా ఇవ్వొచ్చు. మిరప మంటను పసిగట్టే గుణం పక్షుల నాడుల్లో లేదు. జామ, బొప్పాయి కొంచెం కొంచెం. యాపిల్, సీతాఫలం గింజలు తీసేయాలి. అవకాడో, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, టీ, కాఫీ, ఉప్పు పడిన అన్నం, మిక్చర్, బిస్కెట్లు వద్దు. పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసే గుళికల తిండి) దొరికితే మంచిదే, అవీ మెల్లగానే అలవాటు చేయాలి.

పొద్దున ఆకలి ఎక్కువ. కొత్తది ఆ వేళ పెట్టి, గంట రెండు గంటల తర్వాత గింజలు ఇవ్వండి. బెదిరే పక్షికి క్యారెట్ ముక్క కూడా ప్రమాదంలాగే కనబడుతుంది. అలాంటప్పుడు దాన్ని పంజరం బయట, కనబడేంత దూరంలో రెండు రోజులు ఉంచి తర్వాత లోపల పెట్టండి. తడిపిన కొత్తిమీర కట్ట చువ్వకు వేలాడదీస్తే బడ్జీలు ముందు దానిలో స్నానం చేస్తాయి, తర్వాత కొరుకుతాయి. అన్నిటికన్నా బాగా పనిచేసేది మీరు దాని ఎదురుగా కూర్చుని అదే ముక్క తినడం. చిలుకలు గుంపుతో తినే పక్షులు. ఈ రోజుల్లో తూకం తప్పకుండా చూస్తూ ఉండాలి.

చేతి దాకా

మీరు పక్కన నిలబడినా తింటోందంటే ఒక ఐస్‌క్రీం పుల్ల తీసుకోండి. చువ్వల బయట నుంచి చూపించండి. ముక్కుతో ముట్టగానే "భేష్" అని, కొర్ర కంకిలోంచి ఒక తుంపు ఇవ్వండి. మూడు నాలుగు సార్లు చేసి, ఇంకా కావాలన్నట్టు ఉండగానే ఆపేయండి. పుల్ల ఎటు పోతే అటు నడవడం నేర్చుకున్నాక, తలుపు తెరిచి పుల్లతో గుమ్మం దాకా రప్పించండి. తర్వాత పుల్లను మీ అరచేతికి అవతల పట్టండి. ముందు ఒక కాలు పెడుతుంది, తీసేస్తుంది. తీయనివ్వండి. చేయి దాని పొట్టకు గుచ్చి ఎక్కించకండి, చేతి గ్లౌజులు వద్దు, తువ్వాలుతో పట్టడం వైద్యం అవసరమైతేనే. పంజరం బయటికి వచ్చే రోజు ముందు ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి, అద్దాలకు తెర వేయాలి. తిరిగే సీలింగ్ ఫ్యాన్ రెక్క తగిలితే పక్షి బతకదు.

కరిస్తే అరవకండి, చేయి విదిలించకండి, ముక్కు మీద కొట్టకండి. నెమ్మదిగా దగ్గరి కొమ్మ మీద దింపి పక్కకు తప్పుకోండి. కరవడానికి ముందు అది ఒళ్లు వంచే ఉంటుంది, కళ్లతో చెప్పే ఉంటుంది. ఆ గుర్తు ఏదో కనిపెట్టండి.

దగ్గరయ్యాక తల, మెడ మాత్రమే నిమరండి. వీపు, రెక్కల కింద నిమిరితే జతకట్టే ఉద్రేకం వస్తుంది, ఆడపక్షి గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. దుకాణాల్లో అమ్మే మట్టి కుండ గూడు కూడా అందుకే తీసేయాలి. వరసగా గుడ్లు పెట్టిన పక్షిలో కాల్షియం తరిగి, గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం పోతుంది.

ఈకలు పీక్కునే పక్షికి మందు ఒక్కటే ఉండదు. జబ్బు లేదని డాక్టర్ చెప్పాక పని కల్పించండి. మక్క కంకి పొట్టు, తాటాకు ముక్కలు, రంగుల్లేని కాగితంలో చుట్టిన గింజలు చింపుకోవడానికి ఇవ్వండి. వారంలో మూడు నాలుగు సార్లు సన్నటి నీటి తుంపర చల్లండి, ఇష్టపడితేనే. కొన్నిటికి ఈకలు పూర్తిగా తిరిగి రావు, అయినా అవి హాయిగా బతుకుతాయి.

ఎండలు, పండుగలు

మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల దాకా పోతుంది, రామగుండం వైపు అంతకన్నా ఎక్కువే. పక్షి ముక్కు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెడితే వెంటనే చల్లని గదిలోకి మార్చి, కాళ్లకు మామూలు నీళ్లు తాకించి, తాగనివ్వండి. ఐసు నీళ్లు వద్దు. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి. వేసవిలో నీళ్లు రోజుకు రెండు మూడు సార్లు మార్చాలి. ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరి చలికి రాత్రి పంజరం మూడు వైపులా దుప్పటి కప్పాలి.

వినాయక నిమజ్జనం డీజేలు, బతుకమ్మ రోజుల మైకులు, దీపావళి టపాసులు: ఆ సాయంత్రాలకు లోపలి అర్ర సిద్ధం చేసుకోండి. కిటికీ మూసి, తెర వేసి, ఫ్యాన్ చప్పుడు ఉండేలా చూసి, పంజరం మూడు వైపులా కప్పండి. ఒకరు ఆ గదిలోనే కూర్చోవాలి.

ఊరికి పోవాల్సి వస్తే

మేడారం జాతరకో, పెళ్లికో ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు పోవాల్సి రావచ్చు. గిన్నె నిండా గింజలు పోసి తాళం వేసి పోకూడదు. పాత ఇంట్లో జరిగిందే మళ్లీ జరుగుతోందని పక్షికి అనిపిస్తుంది. పొరుగింటావిడనో, మరదలినో నెల ముందు నుంచే రోజూ వచ్చి ఒక గింజ వేసి పొమ్మనండి. ముఖం అలవాటవుతుంది. పంజరం పక్కన కాగితం అతికించండి: ఏ పూట ఏం పెట్టాలి, ఎంత, పొట్టు ఊదడం, నీళ్లు మార్చడం, డాక్టర్ ఫోన్ నంబర్, ఇప్పటి తూకం. చేయి లోపల పెట్టి పట్టుకోవద్దని పెద్ద అక్షరాలతో రాయండి. తిరిగొచ్చిన రోజు పక్షి ముఖం తిప్పుకోవచ్చు, పాత దూరంలోనే కూర్చోండి. మర్నాడు పొద్దున తూచి, కాగితం మీది లెక్కతో పోల్చి చూసుకోండి.